వాన పడని ఊరట! హుతైబ్ ఫార్వర్డ్‌కి నా జవాబు

మళ్లీ వచ్చింది. ఈసారి కాలేజీ బ్యాచ్ గ్రూపులో. అంతకుముందు అపార్ట్‌మెంట్ గ్రూపులో, దానికి ముందు మా పెద్దమ్మ గారబ్బాయి స్టేటస్‌లో. పంపినవాళ్లంతా చదువుకున్నవాళ్లే, అందులో ఇద్దరు సివిల్ ఇంజినీర్లు. ఒకరికి విడిగా మెసేజ్ పెట్టి ఇది నిజం కాదన్నా అంటే, "ఏమోలే తమ్ముడూ, ఇంట్రెస్టింగ్‌గా ఉందని పంపా" అన్నారు. ఇలా ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక నాకు లేదు. ఇక్కడ ఒకేసారి రాసి పడేస్తున్నా, ఇకమీదట దీని లింకే పంపుతా.

ఆ మెసేజ్ ఇంకా చేరని అదృష్టవంతుల కోసం అందులోని సంగతులు. యెమెన్‌లో అల్-హుతైబ్ అనే ఊరుంది. ప్రపంచంలో ఎప్పుడూ వాన పడని ఏకైక గ్రామం అదేనట. 3,200 మీటర్ల ఎత్తున, మేఘాలకు పైన ఉండటంతో మేఘాలు కిందే పుట్టి కిందే కురిసి పోతాయట. వాన లేదు గనుక పంటా లేదట. ముంబై నుంచి వెళ్లిన బోహ్రా (షియా ముస్లింలలో ఒక వర్గం) వ్యాపారులు ఖాళీ కొండ మీద ఆ ఊరు కట్టుకున్నారట, "అల్ బోహ్రా లేదా అల్ ముకర్రమా" అనే ఆ జనం ముంబైలోని తమ గురువు పంపే డబ్బుతో బతుకుతున్నారట, ఆయన ఇప్పటికీ మూడేళ్లకోసారి వచ్చి చూసి వెళ్తాడట. హైదరాబాద్‌లో బర్కస్ వాళ్ల పూర్వీకులదీ ఈ ఊరేనట. యునెస్కో గుర్తించిందట, నాసా ఆశ్చర్యపోయిందట. కింద డప్పుల మ్యూజిక్‌తో ఒక వీడియో.

ముందు చిల్లర సంగతులు తేల్చేద్దాం. నాసా సంగతి నేను మాట్లాడను, మన వాట్సాప్‌లో నాసా ఆశ్చర్యపోని రోజు లేదు. యునెస్కో వారసత్వ జాబితాలో యెమెన్ నుంచి ఉన్నవి షిబామ్, రాజధాని సనా పాత నగరం, జబీద్, సొకోత్రా దీవులు, 2023లో చేరిన మారిబ్ ప్రాంతపు సబా కట్టడాలు. హుతైబ్ లేదు. వీడియోలో బండరాయి మీద నిలబడ్డ అయిదంతస్తుల భవనం సనా పక్కన వాదీ దహర్‌లో ఉన్న దార్ అల్-హజర్, ఇమామ్ యహ్యా వేసవి విడిది. దానికీ ఈ ఊరికీ మధ్య బోలెడన్ని కొండలున్నాయి. మూడేళ్లకోసారి వస్తాడన్న గురువు, సయ్యద్‌నా మహమ్మద్ బుర్హానుద్దీన్, 2014 జనవరిలోనే ముంబైలో కన్నుమూశారు. ఇక బర్కస్. నిజాం సైన్యంలో చేరడానికి వచ్చిన ఆ అరబ్బులు ఎక్కువగా హద్రమౌత్ వాళ్లు. హద్రమౌత్ యెమెన్‌కి తూర్పున, హుతైబ్ పడమటి కొండల్లో, మధ్యలో వందల కిలోమీటర్లు, అందులో చాలా భాగం ఎడారి. బర్కస్‌లో ఏ పెద్దాయనను అడిగినా ఈ ముక్క చెప్తాడు. మనం మాత్రం అడగం, ఫార్వర్డ్ చేస్తాం.

ఇక అసలు విషయం. వాన.

మెసేజ్‌లో దీనికి "శాస్త్రీయ కారణం" కూడా ఇచ్చారు. మేఘాలు 2,000 మీటర్ల లోపే ఏర్పడతాయట, ఊరు అంతకంటే పైన ఉందట, కాబట్టి వాన రాదట. బడిలో మేఘాల రకాలు చదివి సగం మరిచిపోయినవాడు రాసిన వాక్యం ఇది. పొగమంచులా పరుచుకునే కింది రకం మేఘాలకు ఆ లెక్క చెప్తారు. అదీ ఆ చోట నేల నుంచి కొలిచే ఎత్తే తప్ప సముద్ర మట్టం నుంచి కాదు. నేల పైకి లేచిన కొద్దీ మేఘమూ దానితోపాటే లేస్తుంది. ఎండాకాలం సాయంత్రం ఒక్కసారిగా చీకటి కమ్మి ఉరుములతో వచ్చే మేఘం ఉంది చూడండి, దాని అడుగు మన నెత్తి మీద కిలోమీటరు, కిలోమీటరున్నరలో ఉంటే, తల 12, 15 కిలోమీటర్ల దాకా పోతుంది. దానికి 3,200 మీటర్ల కొండ అడ్డమా?

అంత దూరం ఎందుకు, కేదార్‌నాథ్ 3,500 మీటర్ల పైన ఉంది. 2013 జూన్‌లో అక్కడ ఏం జరిగిందో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? మన యాత్రికులు ఎంతమంది చిక్కుకుపోయారో, ఇళ్ల దగ్గర ఫోన్లు పట్టుకుని ఎన్ని కుటుంబాలు కూర్చున్నాయో అప్పుడే మరిచిపోయామా? లేహ్ పట్టణమూ 3,500 మీటర్లే, అదీ ఎడారి లాంటి ప్రాంతం, 2010 ఆగస్టులో ఒక్క రాత్రి కురిసిన కుండపోతకు వందల మంది పోయారు. ఇవన్నీ మేఘాలకు కింద ఉన్నట్టా, పైన ఉన్నట్టా? ఈ ఫార్వర్డ్ పంపినవాళ్లలో ఒకరు చార్‌ధామ్ వెళ్లి రెయిన్‌కోట్ వేసుకుని దిగిన ఫొటో ఇంకా ప్రొఫైల్ పిక్చర్‌గానే ఉంది.

ఆ 3,200 అంకె మీద కూడా నాకు నమ్మకం లేదు. ఆ ప్రాంతానికి పెద్ద ఊరు మనాఖా సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉంటుంది, హుతైబ్ అక్కడికి కొద్ది కిలోమీటర్లే, అంతలో మరో కిలోమీటరు ఎత్తు ఎలా లేస్తుంది? సరే, పోనివ్వండి, 3,200 అనే ఒప్పుకుందాం. ఆ పడమటి కొండల వరుసలోనే సనాకు నైరుతిగా జబల్ అన్-నబీ షుఐబ్ ఉంది, దాదాపు 3,660 మీటర్లతో అరేబియా ద్వీపకల్పం మొత్తానికీ ఎత్తైన శిఖరం. దాని మీద వాన పడుతుంది, చలికాలం అప్పుడప్పుడు మంచు కూడా పడుతుంది. దానికంటే తక్కువ ఎత్తున్న ఊరికి మాత్రం మేఘాలు భయపడి ఆగిపోతాయన్నమాట.

అసలు హుతైబ్ ఉన్న హరాజ్ కొండలు ఎక్కడున్నాయో మ్యాప్ తెరిచి చూస్తే ఈ గోలే ఉండదు. పడమట ఎర్ర సముద్రం, ఒడ్డున తిహామా అనే వేడి మైదానం, అది దాటగానే గోడలా లేచే కొండలు. వంద కిలోమీటర్ల దూరంలోనే సముద్ర మట్టం నుంచి రెండు మూడు వేల మీటర్ల పైకి. సముద్రం మీద నుంచి వచ్చే తేమగాలి ఆ గోడకు కొట్టుకుని పైకెక్కుతుంది, చల్లబడుతుంది, కురుస్తుంది. పడమటి కనుమలకు ఇవతల ఉన్న మనకు ఈ సంగతి కొత్తా? మార్చి నుంచి మే దాకా ఒక వానకాలం, జూలై నుంచి సెప్టెంబరు దాకా ఇంకోటి, ఆగస్టు జోరు మీద ఉంటుంది. నిజానికి అరేబియాలో వాన మీద ఆధారపడి వ్యవసాయం చేయగలిగిన చోట్లు చాలా తక్కువ, వాటిలో ముఖ్యమైనవి యెమెన్ పడమటి కొండలు. అంటే మొత్తం ద్వీపకల్పంలో "వాన పడదు" అని చెప్పడానికి బోలెడంత ఇసుక ఉండగా, వెతికి వెతికి వాన పడే చోటునే పట్టుకున్నారు. దీనికి ప్రతిభ కావాలి.

ఆ వీడియోనే ఇంకోసారి చూడండి. కొండవాలు పొడవునా మెట్లు మెట్లుగా రాతి గట్లు, వాటి మధ్య పచ్చటి మడులు. ఎవరూ ఆ గట్లను అందం కోసం కట్టలేదు. వాన నీరు మట్టిని లోయలోకి ఈడ్చుకుపోకుండా ఆపడానికీ, పడ్డ నీటిని ఒక మడి నుంచి కింది మడికి దింపడానికీ వందల ఏళ్లుగా కడుతూ, కూలినప్పుడల్లా మళ్లీ పేర్చుకుంటూ వచ్చిన గట్లు అవి. యెమెన్ కొండల్లో ఊరూరా రాతితో కట్టిన నీటి తొట్లు, చిన్న చెరువుల్లాంటివి, కనిపిస్తాయి. వాటిలో పట్టేది వాన నీరే. వానే లేకపోతే కొండ నెత్తిన కూర్చున్న ఊరికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, కింది లోయలో వాగు మెట్లెక్కి వస్తుందా?

నాకు ఒళ్లు మండేది నిజానికి ఇక్కడ. 2020 ఆగస్టు వానలకు సనా పాత నగరంలో వందల ఏళ్ల నాటి మట్టి ఇటుకల ఇళ్లు కూలాయి. 2024 ఆగస్టు చివర్లో హరాజ్‌కు ఉత్తరాన ఆనుకుని ఉన్న మహ్‌వీత్ రాష్ట్రంలో, మిల్హాన్ అనే కొండ ప్రాంతంలో, కుండపోతకు చెరువు కట్టలు తెగి, కొండచరియలు విరిగి పదుల మంది చనిపోయారు. ఇళ్లు, మడులు, దారులు అన్నీ కొట్టుకుపోయాయి. అప్పటికే పదేళ్లుగా యుద్ధంలో నలిగిన జనం. అలాంటి కొండల గురించి మనం "వాన ఎరుగని అద్భుత గ్రామం, ప్రకృతి వింత, షేర్ చేయండి" అని దండం పెట్టే బొమ్మలతో పంపుకుంటున్నాం. ఇది సరదా పొరపాటని నేను అనుకోను. వరద వార్త ఒక్క గ్రూపులోనూ రాలేదు, వాన లేని కథ మాత్రం అన్ని గ్రూపుల్లోనూ వచ్చింది.

ఇంత తిట్టాక, ఒక మాట మెసేజ్ తరఫున చెప్పాలి. మేఘాలకు పైన ఉన్న చోట వాన తక్కువ పడటం అనే ఆలోచన మరీ పిచ్చిది కాదు. హవాయి దీవుల్లో మౌనా కియా అని 4,200 మీటర్ల కొండ ఉంది. అక్కడ గాలిలో ఒక ఎత్తున వెచ్చటి పొర మూతలా ఉండి మేఘాలను పైకి పోనివ్వదు. చాలా రోజులు కొండ నడుము దగ్గర వాన, శిఖరం మీద ఎండ. టెలిస్కోపులు అక్కడ పెట్టింది అందుకే. అయినా అక్కడ కూడా శిఖరం మీద మంచు పడుతుంది, తుపాను వస్తే వానా పడుతుంది, "ఎప్పుడూ పడదు" అనడానికి లేదు. ఇక నిజంగా వాన దాదాపు పడని ఊరు చూడాలనుంటే చిలీలో అరికా ఉంది, ఏడాదికి సగటున ఒక మిల్లీమీటరు కూడా పడదు, 20వ శతాబ్దం మొదట్లో పద్నాలుగేళ్లకు పైగా చినుకు రాలని చోటు. దాని ఎత్తెంతో తెలుసా? సముద్రపు ఒడ్డు. అక్కడ వానను ఆపేది చల్లటి సముద్ర ప్రవాహం, వెనకనున్న ఆండీస్ కొండలు.

అలాగే హుతైబ్ నుంచి కిందికి చూస్తే మేఘాలు పాల సముద్రంలా కనిపించే మాట కూడా నిజమే. తిహామా నుంచి ఎక్కే తేమ పొద్దుటిపూట లోయల్లో నిలబడిపోతుంది. కింద వాన పడుతుంటే పైనుంచి చూసిన రోజులూ ఆ ఊరివాళ్లకు ఉండే ఉంటాయి. మన పాడేరు దగ్గర వంజంగి కొండ ఎక్కి తెల్లవారుజామున సెల్ఫీలు దిగేవాళ్లంతా చూసేది ఇదే. వంజంగిలో వాన పడదని మాత్రం ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఇది చదివాక ఎవరైనా అంటారేమో తెలియదు.

ఇక చరిత్ర. "ముంబై వ్యాపారులు ఖాళీ కొండ మీద కట్టుకున్న ఊరు."

ఎక్కడి నుంచి మొదలుపెట్టను? ముంబై దీవులను పోర్చుగీసువాళ్లు ఇంగ్లండ్ రాజుకు పెళ్లి కట్నంగా ఇవ్వడానికి ఒప్పందం రాసుకున్నది 1661లో. అప్పటికి హుతైబ్‌లో ఇవాళ అందరూ దర్శించుకునే సమాధికి నాలుగున్నర శతాబ్దాల వయసు.

హరాజ్ ఖాళీ కొండ ఏనాడూ కాదు. కైరోలో ఫాతిమీ ఖలీఫా అల్-ముస్తన్‌సిర్ ఏలుతున్న రోజుల్లో, ఆయన పక్షాన అలీ అల్-సులైహీ అనే ఇస్మాయిలీ (బోహ్రాలు చెందిన షియా శాఖ) నాయకుడు 1047లో జెండా ఎత్తింది ఈ హరాజ్‌లోనే, మసార్ అనే కొండ మీద. ఆ కొండ మీద కోట కట్టుకుని, అక్కడి నుంచి దిగి, పదిహేనేళ్లు దాటేసరికి దాదాపు యెమెన్ అంతటినీ సనా నుంచి ఏలాడు. ఆయన కోడలే రాణి అర్వా. సనా వదిలి జిబ్లాకు రాజధాని మార్చి, భర్త మంచం పట్టినా, ఆయన పోయినా, 1138లో తాను చనిపోయేదాకా దశాబ్దాల పాటు రాజ్యం నడిపిన మనిషి. 1130లో ఖలీఫా అల్-ఆమిర్ హత్య జరిగి కైరోలో వారసత్వం గొడవ వచ్చినప్పుడు ఆమె కైరో మాట వినలేదు. ఖలీఫా కొడుకు, పసివాడైన తయ్యిబ్ పక్షం నిలబడింది. ఇమామ్ తయ్యిబ్ మరుగున ఉన్నాడు, ఆయన బదులు పెద్దరికం దాయీది, అంటే ఆయన ప్రతినిధిగా ఉండే మతపెద్దది, అనే ఏర్పాటు అక్కడ మొదలైంది. ఇవాళ బోహ్రాలు పాటించే పద్ధతికి మూలం అది.

హుతైబ్ కథలోకి వచ్చేది ఆ వరుసలో మూడో దాయీ, హాతిమ్ ఇబ్న్ ఇబ్రాహీమ్ అల్-హామిదీ. 1162లో తండ్రి తర్వాత ఆ స్థానానికి వచ్చాడు. సనాను ఏలుతున్న హమ్దానీ పాలకులతో పడలేదు, కొన్నాళ్లు పోరాడి, చివరికి హరాజ్ కొండల్లోకి వచ్చి హుతైబ్‌ను తన స్థానం చేసుకున్నాడు. పండితుడు, పుస్తకాలు రాశాడు, శిష్యుల్ని తయారుచేశాడు. 1174లో సలాదిన్ అన్న తూరాన్‌షా ఈజిప్టు నుంచి సైన్యంతో వచ్చి యెమెన్‌ను ఆక్రమించుకున్నా ఈ కొండల్లో ఆయన పని ఆగలేదు. 1199లో అక్కడే చనిపోయాడు, అక్కడే సమాధి. ఓరుగల్లులో గణపతిదేవుడు గద్దెనెక్కింది కూడా ఆ ఏడాదే. మనవాళ్లకు కాలం అంచనా తెలుస్తుందని చెప్తున్నా, వేరే సంబంధం ఏమీ లేదు, దయచేసి దీన్నుంచి కొత్త ఫార్వర్డ్ పుట్టించకండి.

ముంబై నుంచి యెమెన్‌కు జనం పోవడం కాదు, దారి సరిగ్గా తిరగబడింది. యెమెన్ నుంచి 11వ శతాబ్దంలోనే ప్రచారకులు గుజరాత్ తీరానికి, ఖంభాత్ వైపు వచ్చారు. అక్కడ ఆ మతంలో చేరిన స్థానిక వ్యాపార కుటుంబాలే బోహ్రాలు. నాలుగు వందల ఏళ్లు పెద్దరికం యెమెన్ కొండల్లోనే ఉంది, గుజరాత్ పిల్లలు చదువుకోవడానికి ఓడెక్కి అక్కడికి వెళ్లేవాళ్లు. అలా వెళ్లిన సిద్ధ్‌పూర్ మనిషే 16వ శతాబ్దంలో 24వ దాయీ అయ్యాడు. యెమెన్‌లోని మరో షియా శాఖ జైదీల ఇమాముల, ఒట్టోమన్ తురుష్కుల ఒత్తిడి పెరిగాక, ఆయన తర్వాత స్థానం అహ్మదాబాద్‌కు మారింది. ముంబై ఎప్పుడో ఆఖరున వచ్చింది.

"అల్ బోహ్రా లేదా అల్ ముకర్రమా" అంటూ రెండు వర్గాలను ఒకటే ఊరివాళ్ల రెండు పేర్లుగా రాసిపారేసిన మాటకూ చరిత్ర ఉంది. 16వ శతాబ్దం చివర్లో 26వ దాయీ పోయాక వారసుడెవరన్న దాని మీద గుజరాత్‌లో తగువు వచ్చింది, అక్బర్ దర్బారు దాకా వెళ్లింది. దావూద్‌ను ఒప్పుకున్నవాళ్లు దావూదీలు, సులేమాన్‌ను ఒప్పుకున్నవాళ్లు సులేమానీలు. సులేమానీల పెద్దరికం తర్వాత, ఇప్పుడు సౌదీలో ఉన్న నజ్రాన్‌లోని మక్రమీ కుటుంబం చేతికి పోయింది, మెసేజ్‌లోని "ముకర్రమా" ఈ సులేమానీలే. యెమెన్‌లో ఇద్దరూ ఉన్నారు, హరాజ్‌లోనూ ఉన్నారు. నాలుగు వందల ఏళ్ల కింద విడిపోయిన రెండు వర్గాలను మధ్యలో "లేదా" పెట్టి కలిపేశాడు మన రచయిత. అక్బర్ వల్ల కాని పని.

చివరిది: పంట లేదు, ముంబై డబ్బుతో బతుకుతున్నారు. ఇందులో సగం నేను కాదనను. హుతైబ్‌లో సమాధి మీద తెల్లటి కట్టడం, యాత్రికుల వసతి, బాగుపడిన రోడ్లు, వీటన్నిటి వెనక బుర్హానుద్దీన్ కాలంలో వచ్చిన బోహ్రాల డబ్బూ, పూనికా ఉన్నాయి. యుద్ధానికి ముందు ఏటా భారత్ నుంచి యాత్రికులు పెద్ద సంఖ్యలో వెళ్లేవారు, వాళ్లలో హైదరాబాద్, సికింద్రాబాద్ బోహ్రాలూ ఉన్నారు. ఆ రాకపోకల మీద బతికిన కుటుంబాలు అక్కడ ఉన్నాయి. అంతవరకు మెసేజ్ కరెక్టే.

కానీ పంట లేదనడమేమిటి? జొన్న పండుతుంది, బార్లీ పండుతుంది, పప్పు పండుతుంది. మోఖా రేవు నుంచి ఒకప్పుడు ప్రపంచమంతా వెళ్లిన యెమెన్ కాఫీలో హరాజ్ కాఫీకి ఇవాళ్టికీ ప్రత్యేకమైన పేరు, ప్రత్యేకమైన ధర. మధ్యలో కాఫీ తోటలు తీసేసి ఖాత్ వేశారు, అది నమిలే ఆకు, రోజూ డబ్బు తెస్తుంది, నీళ్లు తాగేస్తుంది. ఆ ఖాత్ మొక్కలను పీకించి మళ్లీ కాఫీ నాటించే పని హరాజ్‌లో బోహ్రాలే పట్టుబట్టి చేశారు. అంటే ముంబై నుంచి వచ్చిన డబ్బులో కొంత వెళ్లింది మెసేజ్ ప్రకారం పండని ఆ పంట మీదే. కాఫీ మొక్కకు కొన్నాళ్లు ఎండి, ఆ తర్వాత ఒక మంచి వాన పడితేనే మొగ్గలు విచ్చుకుంటాయి. ఈ ముక్క నా మాట మీద నమ్మక్కర్లేదు, అరకులో ఏ కాఫీ రైతునైనా అడిగి ఆ తర్వాత ఫార్వర్డ్ చేసుకోండి.